గృహవృత్తులు: క్రొత్త ప్రోగ్రామింగు భాషను ఎప్పుడు నేర్వవలయును?

ఈ నెల మాకు అందిన జాబులలో ఒకటి పెక్కుమంది సోదరీమణులకు ఉపయోగపడునని తోచి, దానికి ఇచ్చటనే బదులు వ్రాయుచున్నాము. ఆ సోదరి యింటనే యుండి, నాలుగేండ్లుగా దుకాణములకును పాఠశాలలకును వెబ్‌సైట్లు నిర్మించి యిచ్చుచున్నది. ఆమెకు ఏ సంస్థలోను కొలువు లేదు. పని దొరకిన నెల సొమ్ము వచ్చును. దొరకని నెల రాదు. ఆమెకు చక్కగా వచ్చిన భాష పి.హెచ్.పి. “అందఱును పైథాన్ నేర్చుకొమ్మనుచున్నారు. పి.హెచ్.పి.కి కాలము చెల్లినదని కొందఱు బెదరించుచున్నారు. పిల్లలు నిద్రించిన పిమ్మట నాకు మిగులునది దినమునకు మూడు గంటలు. ఆ మూడు గంటలే నా సంపాదన. అందులోనుండి చదువునకు కొంత తీయవలయునా, వలదా?” అని ఆమె యడుగుచున్నది.

ప్రోగ్రామింగు భాష యనగా కంప్యూటరునకు పని చెప్పుటకై మనుష్యులు కల్పించుకొన్న వ్రాతపద్ధతి. ఇట్టివి వందలకొలది కలవు. అన్నియు నేర్చినవారు లేరు. నేర్వవలసిన యక్కఱయు లేదు.

మొదట ఖర్చు లెక్క చూతము. దినమున కొక గంట చొప్పున మూడు నెలలు చదివినచో 90 గంటలగును. గంటకు 400 రూపాయలు వచ్చుచున్నవనుకొన్న, ఆ చదువు వెల 36,000 రూపాయలు. విద్యకు వెల కట్టరాదనుట నిజమే గాని, ఇంటి బియ్యమునకును బిడ్డల ఫీజులకును వెల యున్నది గదా! కొలువులో నున్నవారు నేర్చుకొనునపుడు జీతము ఆగదు. స్వంతముగా పని చేయువారికి నేర్చుకొను గంట సంపాదన లేని గంట. కావున “ఈ భాష మంచిదా?” యని గాక, “ఈ సొమ్ము నాకు ఏ దారిని తిరిగి వచ్చును?” అని యడుగుకొనవలయును.

ఇక కాలము చెల్లినదను మాట. కోబాల్ అను భాష 1959లో రూపొందినది. దాని పని యైపోయినదని లోకము ఏండ్ల తరబడి చెప్పుచునే యుండెను. అట్లుండగా 2020 ఏప్రిలులో, నిరుద్యోగ భృతికి దరఖాస్తులు వెల్లువగా వచ్చిపడగా, అమెరికాలోని న్యూజెర్సీ గవర్నరు కోబాల్ తెలిసినవారు సాయమునకు రావలసినదని బహిరంగముగ కోరవలసివచ్చెను. పి.హెచ్.పి. 1995లో వెలువడినది. నేడు ప్రపంచమందలి వెబ్‌సైట్లలో నూటికి 40కి మించి వర్డ్‌ప్రెస్‌తో కట్టినవే. ఆ వర్డ్‌ప్రెస్ నడచునది ముఖ్యముగా పి.హెచ్.పి. మీదనే. క్రొత్తదని యందఱు చెప్పుకొను పైథాన్ 1991లోనే లోకమునకు వచ్చినది, అనగా పి.హెచ్.పి.కి అక్క వంటిది! పొరుగింటి పుల్లకూర రుచి యనుట ఇచ్చటను చెల్లును.

అట్లని నిశ్చింతగా కూర్చుండుటయు తగదు. అడోబీ సంస్థ ఫ్లాష్‌ను 2020 కడపట నిలిపివేయుదుమని 2017 జూలైలోనే ప్రకటించెను. ఫ్లాష్‌కై యాక్షన్‌స్క్రిప్టు వ్రాసి జీవించువారికి మూడేండ్లకు పైగా వ్యవధి దొరకినది. ఆ వ్యవధిలో వేఱు భాష నేర్చినవారు నిలిచిరి. తుదివఱకు ఊరకున్నవారికి చిక్కులు తప్పలేదు. దప్పిక యైనప్పుడు నూయి త్రవ్విన ఫలమేమి? అట్లే గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్ ఫోనుల పనికి కోట్లిన్ భాషను 2017లో అంగీకరించి, 2019లో దానికే మొదటి పీట వేసినది. పది మంది మాట వదంతి. పనిముట్టును చేయువారి మాట హెచ్చరిక. ఈ రెంటిని వేఱుపఱచి చూడవలయును.

మా యభిప్రాయమున మూడు గుర్తులలో ఒకటైనను కనబడినప్పుడే క్రొత్త భాషకు గంటలు కేటాయించవలయును. మొదటిది, సొమ్మిచ్చువారు అడుగుట. పద్దుపుస్తకమునందే యొక పుట విడిచి, భాష రానందున వదలుకొన్న పనులను తేదీతోను, ఇచ్చెదమన్న సొమ్ముతోను వ్రాసికొనుడు. మూడు నెలలలో ఒకే భాష మూడు మాఱులు వచ్చినచో అది నేర్వదగినది. రెండవది, పైన చెప్పిన హెచ్చరిక. మూడవది, ఇప్పుడు చేయుచున్న పనియే మఱియొక భాష లోనికి ప్రవేశించుట.

మన సోదరికి ఈ మూడవ గుర్తు కనబడుచున్నది. 2018 డిసెంబరులో వచ్చిన 5.0 సంచికనుండి వర్డ్‌ప్రెస్‌లో పుటలను కూర్చు పరికరము జావాస్క్రిప్టుతో నిర్మింపబడినది. పి.హెచ్.పి. మాత్రమే తెలిసినవారు ఆ భాగమును కోరినట్లు మార్చలేరు. కాబట్టి ఆమె ముందుగా జావాస్క్రిప్టును గట్టిగా నేర్చుట మేలు. ఉన్న ఖాతాదారులే ఆ పనికి సొమ్మిత్తురు. పైథాన్ మంచి భాషయే. లెక్కల పట్టికలను పరిశీలించు పనియో, అట్టి వేఱొకటియో ఆమె పుస్తకములోని కెక్కిన నాడు నేర్చుకొనవచ్చును.

నేర్చుకొనుటకు రెండు మాటలు. ఒక భాష బాగుగా వచ్చినవారికి రెండవది త్వరగా పట్టుబడును. షరతులు, ఆవృత్తులు మొదలగు మూలభావములు పెక్కు భాషలలో సమానములే. మొదటిదే సగము వచ్చినప్పుడు రెండవ దాని జోలికి పోరాదు. నేడు కృత్రిమమేధ యంత్రములు అడిగినంతనే ప్రోగ్రామును వ్రాసి యిచ్చుచున్నవి. చదివి తప్పు పట్టగల శక్తి లేనివారు దానిని ఖాతాదారునకు అప్పగించినచో, తప్పు యంత్రముదైనను మాట పడునది తామే. ఇంకొకటి: క్రొత్త భాషలో మొదటి పనిని చిన్నదిగా ఎన్నుకొని, “ఇది నాకు క్రొత్త” యని ముందే చెప్పి, తగ్గించిన రుసుమునకు చేయుట ధర్మము. దాచి చేసి గడువు తప్పినచో, నాలుగేండ్ల నమ్మకము ఒక్క నెలలో పోవును.

దినమునకు మూడు గంటలు కొంచెమని మా సోదరి నొచ్చుకొనవలదు. వానిని ఎవరో బెదరించిరని వెచ్చింపక, తన పద్దుపుస్తకము చూచి వెచ్చించినచో అవియే చాలును. ఆ లెక్క ఆమెకు తెలిసినట్లు ఒరులకు తెలియదు.