మన కారు – మన క్షేమం: కాలిన వాసన

కిందటి సంచికలో టైర్ల గురించి చెప్పుకున్నాం. ఈసారి ముక్కుకు పని చెబుదాం.

మొన్నామధ్య ఒక శుక్రవారం సాయంత్రం గోంగూర, మునక్కాడలు కొందామని పిల్లలతో బతా వెళ్లాం. శుక్రవారం బతా ఎలా ఉంటుందో రియాద్ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అక్కడ కారు నడవదు, పాకుతుంది. మాది పాత గేర్ల కారు. అరగంట పాకేసరికి లోపలంతా కాగితం కాలినట్టు ఘాటైన వాసన. "నాన్నా, మళ్ళీ అదే వాసన!" అన్నాడు మా చిన్నాడు. నిజం చెప్పొద్దూ, నెల రోజులుగా వస్తోంది. దానికి నేను చేసిన వైద్యం ఏమిటంటే, ఒక అత్తరు సీసా కొని డాష్‌బోర్డు మీద పెట్టడం!

మరుసటి వారం పిల్లల సెలవులకి తాయిఫ్ ప్రయాణం. తిరిగి వచ్చేటప్పుడు తువైక్ కొండ ఎక్కాలి. నిండా సామానుతో, రాత్రిపూట, పిల్లలతో అక్కడ ఆగిపోతే? అప్పుడు భయం పట్టుకుంది. ఒక వర్క్‌షాపులో చూపిస్తే, కారు నడిపి చూడకుండానే "క్లచ్ సెట్టు మొత్తం మార్చాలి" అన్నారు.

మనసు ఒప్పక, బతాలో టీకొట్టు దగ్గర పరిచయమైన రాజంపేట తమ్ముడిని అడిగాను. ఇరవై ఏళ్లుగా ఇక్కడ హౌస్ డ్రైవరు. పక్క సీట్లో కూర్చుని కిందకే చూస్తున్నాడు.

"ఏం చూస్తున్నావు తమ్ముడూ?"

"బండిని కాదన్నా, నీ ఎడమ కాలిని చూస్తాండా."

పిల్లలూ, మీ రెండు అరచేతులు గట్టిగా నొక్కి రుద్దండి. వేడెక్కాయి కదూ? క్లచ్ సంగతీ అంతే. ఇంజిన్‌తో పాటు తిరిగే రెండు ఇనుప పలకల మధ్య అప్పడంలాంటి డిస్కు ఉంటుంది. పెడల్ పూర్తిగా వదిలితే పలకలు దాన్ని గట్టిగా పట్టుకుంటాయి, చక్రాలకు బలం అందుతుంది. పూర్తిగా తొక్కితే వదిలేస్తాయి. సగం తొక్కి ఉంచితే మాత్రం జారుతూ రాసుకుంటాయి. ఆ రాపిడికి డిస్కు పూత కాలి వాసన వస్తుంది. నేను చేస్తున్నది అదే. బ్రేకు వాడకుండా సగం క్లచ్ మీద కారును నిలబెడుతున్నాను!

తమ్ముడు చేయించిన పరీక్షలు మీకూ పనికొస్తాయి.

ఒకటి, వాసన గుర్తుపట్టాలి. ప్లాస్టిక్ కాలినట్టుంటే వైరింగు కావచ్చు. వెంటనే పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి, అందరూ దిగిపోవాలి. నూనె మాడినట్టుంటే ఆయిల్ కారి వేడి సైలెన్సర్ గొట్టం మీద పడుతుండొచ్చు. తియ్యటి వాసనైతే రేడియేటర్ కూలెంట్.

రెండు, హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దిగిందా? ఒక చక్రం దగ్గరే విపరీతమైన వేడి కొడుతుంటే అది బ్రేకు పట్టేయడం, క్లచ్ కాదు. చక్రాన్ని ముట్టుకోకండి.

మూడు, పెడల్‌ను వేలితో నొక్కితే మొదట కొంచెం వదులుగా దిగాలి. ఆ ఖాళీ లేకపోతే కాలు తీసినా క్లచ్ సగం తొక్కినట్టే ఉండొచ్చు. సరిచేయించాలి.

నాలుగు, ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాలి. ఇంజిన్ రొద పెరిగి, వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. అప్పుడిక డిస్కు మార్చాల్సిందే.

మా కారు అన్నీ పాసైంది, ఫెయిలయింది నేనే. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు నెల రోజులుగా కారును తిట్టుకున్నాను. "ఇట్లే ఇంకొన్నాళ్లు నడిపింటే ఆ కొండ మీదే కూర్చోబెట్టేది అన్నా" అన్నాడు తమ్ముడు.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాను.

"వాళ్ల బండి క్లచ్ కాలితే నా జీతంలో కోస్తారు. ఒకసారి కోసినారు. అప్పటినుంచి కాలు దానంతటదే నేర్చుకునింది."

డబ్బులివ్వబోతే తీసుకోలేదు. టీ మాత్రం తాగాడు. ఇరవై ఏళ్లుగా ఊరంతా తిప్పుతున్న ఆ మనిషికి ఇంతవరకు సొంత కారు లేదు.

తాయిఫ్ వెళ్లొచ్చాం. తువైక్ ఎక్కుతుంటే మా చిన్నాడు ముక్కు ఎగబీల్చి "ఏ వాసనా లేదు నాన్నా!" అని రిపోర్టు ఇచ్చాడు. అత్తరు సీసా వాళ్లమ్మ తీసేసుకుంది.

మిత్రులారా, వాసన కారు చెప్పే మొదటి మాట. అది వినకపోతే తర్వాత చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అన్నట్టు, 2024 డిసెంబరులో మొదలైన రియాద్ మెట్రో బ్లూ లైను బతా మీదుగానే వెళ్తుంది. శుక్రవారం గోంగూరకి మేమిప్పుడు అందులోనే వెళ్తున్నాం!

వచ్చే సంచికలో బ్యాటరీ కబుర్లతో కలుద్దాం. అంతవరకు, ఎడమ కాలు జాగ్రత్త!