కోడలి వ్యాసము

కొత్తూరునుండి యొక సోదరి మాకిట్లు వ్రాసినారు: "మా కోడలు ప్రతిదినమును శంషాబాదు మీదుగా నగరమునకు పోయి జీవరసాయనములో పరిశోధన చేయుచున్నది. ప్రయోగములన్నియు ముగిసినవట. అయినను నాలుగు నెలలుగా రాత్రులు కూర్చుండి వ్రాసినదే మరల వ్రాయుచున్నది. పని ముగిసిన పిదప నింత వ్రాత యెందులకు? బిడ్డ ముఖమైన జూడదు. మాన్పింపవచ్చునా?"

మాన్పింపవలదని మా మనవి. అచ్చునకెక్కని ప్రయోగము లోకమునకు జరుగనట్లే. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టనులో సైరస్ ఫిస్కుగారితో గలసి, భాస్వరమును నీలిరంగు చిక్కదనమునుబట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఏ ద్రవమెంత, ఏది ముందు, ఏది వెనుక అన్నియు వివరించి యుండుటచేత వారిని కన్నెత్తి చూడనివారు సైతము దానిని చేయగలిగిరి. నేటికిని ఆ పద్ధతికి వారిద్దరి పేరే. "తగినంత, చిటికెడు" అన్న కొలతలు మన పచ్చళ్లకు చెల్లునుగాని ప్రయోగశాలలో చెల్లవు.

ఆ యిద్దరే కండరములలో ఏటీపీ యను పదార్థమును గూడ కనుగొనిరి. 1929లోనే జర్మనీలో కార్ల్ లోమన్ కొంచెము ముందుగా ప్రకటించెను. పుస్తకములలో తరచుగా మొదట వచ్చునది లోమన్ పేరే. ఆలస్యమున కింత వెల గలదు.

ఇక కోడలితో నొకమాట. అమ్మాయీ, పటములను, పట్టికలను ముందు సిద్ధపరచుకొని, పీఠికను చివర వ్రాయుము. కనుగొన్న సంగతి శీర్షికలోనే తెలియవలెను. హైదరాబాదు సీసీఎంబీలో మంజులా రెడ్డిగారును సహచరులును 2012లో ప్రకటించిన వ్యాసపు శీర్షికయే, బాక్టీరియా గోడ నిర్మాణమునకు ఆవశ్యకమైన కోతను మూడు ఎంజైములు చేయుచున్నవని చెప్పివేయును. ఆమెకు 2019లో ఇన్ఫోసిస్ బహుమానము లభించినది. ఎవరి పేరు ముందుండవలెనో వ్రాతకు పూర్వమే గురువుగారితో తేల్చుకొనుము. తరువాత నోరు విప్పుట కష్టము. "రుసుము పంపుడు, మూడు దినములలో అచ్చువేయుదుము" అను పత్రికల జోలికి బోకుము. పరీక్షకుల ప్రశ్నలు ఎంత కటువైనను ఒక్కొక్కదానికి విడివిడిగా, శాంతముగా బదులు వ్రాయుము.

సోదరీ, సాయంకాలము రెండుగంటలు బిడ్డను మీరెత్తుకొనుడు. వారమున కొకసారి, వ్రాసినదానిని తెలుగున చెప్పుమనుడు. మీకు బోధపడనిచోట "ఎందుకు?" అని యడుగుడు, ఆమె అచ్చట గుర్తుపెట్టుకొనును. వ్యాసము త్రిప్పిపంపబడినదని యొకనాడు జాబు రావచ్చును. ఆ రాత్రి ఏమియు నడుగక అన్నము పెట్టుడు. మరునాడు దిద్ది వేరొక పత్రికకు పంపుకొనును.