పజిల్స్‌ చేస్తే ఆట వస్తుందా?

'తెల్ల పావులతో రెండెత్తుల్లో ఆట కట్టించండి' అంటే ఠక్కున చెప్పేసే పిల్లాడు, పోటీకి వెళ్తే మాత్రం ఓడిపోయి వస్తుంటాడు. మరి రోజూ చేసిన పజిల్స్‌ అన్నీ వృథాయేనా?

కానేకాదు. 1973లో అమెరికా పరిశోధకులు విలియం ఛేజ్‌, హెర్బర్ట్‌ సైమన్‌లు ఓ చదరంగం మాస్టర్‌కి నిజమైన ఆట మధ్యలోని బల్లను 5 సెకన్లు చూపించి దాచేశారు. అతను చాలా పావుల్ని సరిగ్గా పేర్చేశాడు. పావుల్ని ఇష్టమొచ్చినట్లు పెట్టి చూపిస్తే మాత్రం కొత్తగా నేర్చుకున్నవాళ్లలాగే తడబడ్డాడు! అంటే అతని గొప్పంతా అలవాటైన అమరికల్ని గుర్తుపట్టడంలోనే ఉందన్నమాట. పజిల్స్‌ నేర్పేదీ అదే. గుర్రం ఒకే ఎత్తుతో రాజుకి చెక్‌ చెప్పి మంత్రినీ పట్టే తీరు పదేపదే చూసిన కంటికి, ఆటలోనూ అది ఇట్టే కనిపిస్తుంది.

చిక్కల్లా ఒక్కటే. పజిల్‌లో గెలిచే ఎత్తు ఉందని ముందే తెలుసు. ఆటలో ఆ మాట ఎవరూ చెప్పరు. పైగా ఎదుటివాళ్లు వేయబోయే ఎత్తునీ కనిపెట్టాలి. అందుకే పజిల్స్‌తోపాటు పూర్తి ఆటలూ ఆడించాలి. ఓడిన ఆటను మళ్లీ పేర్చి, ఏ ఎత్తు చూడలేకపోయాడో పిల్లాడితోనే వెతికించండి... వాడికి అంతకన్నా మంచి పజిల్‌ ఉండదు!