నడిచి చదువవలసిన ఊరు

విహారయాత్ర అనగానే మన పాఠశాలలకు బస్సు గుర్తుకు వచ్చును. రాత్రి బయలుదేరి, తెల్లవారుసరికి తిరుపతిలోనో హైదరాబాదులోనో దిగి, మూడు దినములలో ముప్పది ప్రదేశములు చూచి, నిద్రమొగములతో ఇల్లు చేరు ఆ యాత్రను నేను నిందింపను. పిల్లలకు సముద్రము చూపవలసినదే, మహానగరము చూపవలసినదే. కాని మార్కాపురములో చదువు విద్యార్థి తన ఊరిని ఒక్క పూటయైనను కాలినడకన చూడకుండ పదవ తరగతి దాటిపోవుట నాకు సమంజసముగా తోచదు. పరాయివారి సంగతి సరే. శ్రీశైలమునకు పోవు యాత్రికులకు మార్కాపురం రోడ్డు స్టేషను రైలు దిగి బస్సు ఎక్కు చోటు మాత్రమే. ఊరివారికి కూడ ఊరు అంతమాత్రమే కారాదు.

ఫ్రాన్సు దేశమున బోర్డో నగరమునకు సమీపములో సెంటెమిలియోన్ అను చిన్న పట్టణము కలదు. ద్రాక్షాసవమునకు పేరుమోసిన ఊరు. చూడవచ్చినవారు దానిని నడిచియే చూతురు. రాళ్ళు పరచిన ఆ ఇరుకు వీధులలో, ఎత్తుపల్లములలో వాహనమునకు పని తక్కువ. అచటి ఇండ్లను ఊరి క్రింది సున్నపురాతితోనే కట్టిరి. రాయి తీయగా మిగిలిన సొరంగములు ఊరి అడుగున నేటికిని ఉన్నవి. 12వ శతాబ్ది ప్రాంతమున ఒకే రాతిలో తొలిచిన దేవాలయమును, దాని నెత్తిమీద నిలిచిన గంటల గోపురమును చూచి ఆశ్చర్యపడనివారు ఉండరు. 1999లో యునెస్కో ఆ పట్టణమును చుట్టునున్న ద్రాక్షతోటలతో సహా ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. తోటలతో సహా అన్నమాటను గమనింపవలెను. గుడిని మాత్రమే ఏరి తీసి చూపలేదు. గుడియు, గనియు, తోటయు, తోటలో వంగిన నడుమును కలిసినదే ఊరు.

మనకు ద్రాక్షతోటలు లేవు. పలక ఉన్నది.

మార్కాపురములో నడక చెన్నకేశవస్వామి ఆలయము కడ మొదలు కావలెను. గాలిగోపురము ముందు పిల్లలను ఒక్క నిమిషము మౌనముగా నిలుపుడు. పిదప మండపస్తంభముల నడుమ విడిచిపెట్టుడు. ఊరి పేరును మారిక అను గొల్లస్త్రీతో ముడిపెట్టు కథ ఒకటి జనులలో కలదు. దానిని కథగానే చెప్పుడు, పెద్దలనుండి వినిరమ్మనుడు. విజయనగరరాజుల నాటి శాసనములను చరిత్రగా చెప్పుడు. కథకును చరిత్రకును గల భేదమును తరగతి గదిలో గంటసేపు బోధించుటకంటె ఆ ఆవరణలో పది నిమిషములు చెప్పిన మేలు. ఆలయము చూచి చెప్పులు తొడుగుకొని వెనుదిరుగువారు సగము ఊరినే చూచినవారు.

తక్కిన సగము పలకల కార్ఖానాలలో ఉన్నది. సంస్కృతపు ఫలకము తెలుగున పలక అయినది. తెలుగు చెప్పుకొనువాడను గనుక ఈ ముక్క అనక తీరదు. ఆ రాయి నూరు కోట్ల సంవత్సరములకు పైబడిన వయసు గలది. ఒకానొక జలాశయపు అడుగున పేరుకొన్న మెత్తని బురద, భూమి ఒత్తిడికి లోనై పొరలుగా గట్టిపడినది. ఈ ప్రాంతపు రాతిపొరలకు భూగర్భశాస్త్రజ్ఞులు మన కంభము పేరే పెట్టిరి. కంభం అను మాట శాస్త్రగ్రంథములలో ఒక శిలావర్గమునకు పేరని ఇచటి సైన్సు ఉపాధ్యాయులు ఎందరు చెప్పుచున్నారో!

పనివాని చేతిలో ఆ రాయి ఎట్లు విచ్చుకొనునో పిల్లలు కన్నులార చూడవలెను. ఉలి అంచును సరియైన పొర మీద ఆనించి సుతారముగా కొట్టినచో బండ పుస్తకము తెరచినట్లు రెండగును. పొర తప్పినచో ముక్కలగును. ఆ పొరను కన్ను కనిపెట్టుటకు ముందే చేయి కనిపెట్టును. చీల్చిన రేకును కొలతకు కోసి, రుద్ది నునుపు చేసి, కొయ్యచట్రము బిగించినచో అది బడిపలక. మా తరమువారు ఓనమాలు దిద్దినది దాని మీదనే. నోటుపుస్తకము, ప్లాస్టిక్కు పలక వచ్చి దాని గిరాకిని తగ్గించినవి. అదే రాయి ఇప్పుడు నేలలకును గోడలకును అతుకు బిళ్ళలుగా దూరదేశములకు పోవుచున్నది.

ఇక చెప్పక దాటవేయరాని మాట ఒకటి కలదు. 1987లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన జాతీయ బాలకార్మిక విధానములో శివకాశి అగ్గిపుల్లలు, ఫిరోజాబాదు గాజు, మొరాదాబాదు ఇత్తడి పరిశ్రమల సరసన మార్కాపురపు పలకల పరిశ్రమయు ఎక్కినది. దేశమందలి పిల్లలకు చదువుకొన పలకలు పంపిన ఊరిలో పిల్లలే ఆ పలకలు చేసిరి. చేసిన పలక మీద అక్షరము వ్రాయలేదు. రాతిధూళి ఊపిరితిత్తులను పాడుచేయు సంగతి వైద్యులు ఎరిగినదే. ఇది ఊరికి అపఖ్యాతి అని కొందరు పెద్దలు దాచజూతురు. నేను అంగీకరింపను. పదమూడేండ్ల బాలునికి తన ఊరి గుడి గొప్పతనము ఎంత తెలియవలెనో, తన ఈడువారు ఒకప్పుడు ఆ ధూళిలో ఏల కూర్చుండిరో అంత తెలియవలెను. పదమూడేండ్లవాడు దానిని భరింపగలడు. భరింపలేనివారము మనమే.

వేల్సు దేశపు వాయవ్యమున దినోర్విక్ అను పలకరాతి గని 1969లో మూతపడెను. అచటివారు దాని పనిశాలనే 1972లో ప్రదర్శనశాలగా తెరచిరి. ఆ గనుల సీమను 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వములో చేర్చినది. మనము యునెస్కో కొరకు వేచియుండ పనిలేదు. ఒక ఉలి, ఒక సుత్తి, చీల్చిన రేకులు నాలుగు, చట్రము విరిగిన పాతపలక ఒకటి, వాటి ప్రక్కన ఒక వృద్ధకార్మికుడు చెప్పిన మాటలను పిల్లలే వ్రాసిన కాగితము. ఇంతకు పాఠశాలలో ఒక బీరువా అర చాలును.

అభ్యంతరములు ఉండును. సిలబసు మిగిలియున్నది, అనుమతి కావలెను, ఎండ. పల్నాటి ఎండకు ఏమాత్రము తీసిపోని ఎండ మాది. కావున పుష్యమాఘములలో తెల్లవారగనే బయలుదేరవలెను, నీళ్ళు మోసికొనిపోవలెను. గని గుంతల అంచులకు పిల్లలను పోనీయరాదు. కార్ఖానాలో రంపమునకు దూరముగా నిలుపవలెను, ముక్కుకు గుడ్డ కట్టింపవలెను. యజమానిని ముందురోజు వెళ్ళి మర్యాదగా అడుగవలెను. ముప్పదిమందికి మించి తీసికొనిపోరాదు. మించినచో అది నడక కాదు, ఊరేగింపు.

గిద్దలూరు, కంభం పాఠశాలలవారు మాకేమున్నదని అడుగవచ్చును. కంభం చెరువు ఉన్నది. కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డుగా కట్టిన ఆ కట్టను జనులు వరదరాజమ్మ పేరుతో తలచుకొందురు. 2020లో అది అంతర్జాతీయ నీటిపారుదల సంఘముచే వారసత్వ కట్టడముగా గుర్తింపబడినది. ఆ కట్ట పొడవునా నడచుటకు వేరొక ఆదివారము కావలెను.