యంత్రము కొనిన చాలదు

సముద్రతీరములందును మైదానములందును ఇంజిను పారాచూటులో ఎగురుట నేడు మన యువకులకు వేడుకయైనది. చక్రముల బండి, దాని వెనుక ఇంజినుతో తిరుగు పంకా, పైన గాలితో ఉబ్బిన గుడ్డరెక్క: ఇదియే దాని స్వరూపము. వేగము గంటకు సుమారు 40, 50 కిలోమీటర్లు. ఇంజిను జోరు హెచ్చించిన లేచును, తగ్గించిన దిగును. కాళ్లతో కడ్డీలను త్రొక్కిన ప్రక్కలకు తిరుగును. ఇంత సులభమైనదానికి గురువేల అని కొందరనుచున్నారు. ఈ సులభత్వమే ప్రమాదములకు మూలమని మా అభిప్రాయము.

రెక్క తలపై సరిగా నిలువక పూర్వమే, త్రాళ్లు మెలిపడినవేమో చూడక, జోరు హెచ్చించిన బండి బోర్లపడును. వేగము తక్కువగుటచే ఎదురుగాలి బలిసినచో ముందుకు సాగజాలదు. మధ్యాహ్నపు టెండకు కాగిన నేలనుండి లేచు గాలి రెక్కను ఊపివేయును. అందుచే అనుభవజ్ఞులు ఉదయ సాయంకాలములనే ఎన్నుకొందురు. కరెంటు తీగలు దగ్గరకు వచ్చువరకు కంటబడవు. నేలకు సమీపమున బెదరి ఇంజినును ఒక్కసారిగా తగ్గించిన బండి ఊగి నేలను గట్టిగా తాకును.

అమెరికాలో 1982 నాటి నిబంధనలను బట్టి ఒక్కరు మాత్రమే కూర్చుండు తేలిక యంత్రమునకు లైసెన్సు అక్కరలేదు. ఇద్దరు కూర్చుండు దానికి మాత్రము 2004లో వచ్చిన నిబంధనలు కనీసము 12 గంటల అనుభవమును విధించినవి. అందు 10 గంటలు శిక్షకునితో, 2 గంటలు ఒంటరిగా ఎగురవలెను. చట్టము విడిచిపెట్టినను గాలి ఎవ్వరిని విడిచిపెట్టదు.

మన కర్ణాటకమున కార్వార తీరమందు 2020 అక్టోబరులో, ఇట్టిదే యగు పారామోటారు సముద్రమున పడి ఒక నౌకాదళాధికారి మరణించిరి. నేర్పరి వెంటనున్నను ఆపద వచ్చినప్పుడు, ఏమియు నేర్వని వాడు ఒంటరిగా ఎగిరిన గతి యేమి?

మేము వర్తకులము. అంగట క్రొత్తగా చేరిన కుఱ్ఱవానికి తూకము నేర్పక తక్కెడ అప్పగింపము. అచ్చట పొరపాటైన పోవునది కొంత సొమ్ము. ఇచ్చట పోవునది ప్రాణము. శిక్షణ లేక యంత్రమును మాత్రమే అమ్ముట సగము సరకు అమ్ముటయే.

కావున మన కుటుంబముల పెద్దలకు మా మనవి. పిల్లల ముచ్చటను కాదనవలదు. యంత్రమునకు సొమ్ము ఇచ్చుటకు ముందు శిక్షణకు సొమ్ము తీసి ఉంచుడు. శిక్షకుడెవరో, ఎన్ని గంటలు నేర్పునో విచారింపుడు. గాలి బాగులేని దినమున యంత్రమును కట్టిపెట్టి ఇంటికి మరలుట మీ పిల్లవానికి అలవడెనా యని చూడుడు. అది అలవడిన పిమ్మటనే వానిని ఒంటరిగా ఎగురనిండు.