తగ్గిన బరువు, తప్పని నింద
బరువు తగ్గినవారు మళ్లీ లావెక్కితే నోరు కట్టుకోలేకపోయారని తేల్చేయడం సమాజంలో పరిపాటి అయింది గానీ, ఆ తీర్పు శాస్త్రానికీ న్యాయానికీ కూడా దూరమైనది. అమెరికాలో ‘ది బిగ్గెస్ట్ లూజర్’ అనే బరువు తగ్గే టెలివిజన్ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి పరిశోధకుడు కెవిన్ హాల్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వారు సగటున 58 కిలోలు తగ్గి, అందులో 41 కిలోలు తిరిగి పెరిగారు. అంతకన్నా ముఖ్యంగా, వారి విశ్రాంత జీవక్రియ, అంటే కదలకుండా ఉన్నప్పుడు సైతం ప్రాణం నిలుపుకోవడానికి దేహం ఖర్చుచేసే శక్తి, ఆ శరీర పరిమాణానికి ఉండవలసినదానికన్నా రోజుకు దాదాపు 500 కిలోకేలరీలు తక్కువగానే ఉండిపోయింది. ఒంట్లో కొవ్వు నిల్వలు చాలినంత ఉన్నాయని మెదడుకు తెలిపే లెప్టిన్ అనే హార్మోను కొవ్వు తరిగేకొద్దీ పడిపోవడంతో, దేహం దాన్ని కరవుగానే భావించి ఆకలిని పెంచుతుంది. ఈ ఒత్తిడికి తోడు, పప్పుతో మొదలై కూర, చారు, పెరుగు వరకు ప్రతిదానికీ మళ్లీ కాస్త అన్నం పెట్టుకునే తెలుగువారి భోజనక్రమంలో, మారు వడ్డనకు చేయి అడ్డం పెట్టినవారిని వంట బాగాలేదా అని అడిగే ఆప్యాయత కూడా అడ్డంకే అవుతుంది. ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతానికి మించరాదని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 నాటి మార్గదర్శకాలలో సూచించింది కనుక, కొన్నాళ్లపాటు అన్నం పూర్తిగా మానేసే కఠిన నియమాలకన్నా, ఇంటిల్లిపాదీ కంచంలో అన్నం తగ్గించి పప్పు, కూర పెంచుకోవడమే నిలకడైన మార్గం. బరువు తిరిగి పెరిగినవారిని నిందించడం కుటుంబాలూ వైద్యులూ ఇకనైనా మానుకోవాలి.