ఔషధ నగరం నేర్పే పాఠం

చిక్కడపల్లి గ్రంథాలయంలో, అశోక్‌నగర్ శిక్షణ కేంద్రాలలో మన యువతీయువకులు ఉద్యోగ పరీక్షలకై అహోరాత్రాలు శ్రమిస్తున్నారు. శ్లాఘనీయమే, కాని ఉన్న కొలువులకై పోటీపడటం వేరు, కొత్త కొలువులను సృష్టించటం వేరు.

హైదరాబాదు ఔషధ పరిశ్రమనే చూడండి. 1944లో ఇచ్చట వెలసిన ప్రభుత్వ పరిశోధనాలయం, అనంతరం వచ్చిన ఐ.డి.పి.ఎల్. కర్మాగారం నిపుణులను తీర్చిదిద్దాయి. 1970 పేటెంటు చట్టం ఔషధానికి కాక తయారీ విధానానికే హక్కు కల్పించి, మన రసాయనవేత్తలకు వేరు మార్గాలు వెదికే అవకాశమిచ్చింది. ఐ.డి.పి.ఎల్.లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించారు.

సంపన్న దేశాల అభివృద్ధికి మూలమూ ఇదే: విద్యాలయం, ప్రయోగశాల, చట్టం, కర్మాగారం చేయి కలపటం. 2005లో ఔషధానికే పేటెంటు వచ్చింది. ఇక చౌకగా తయారుచేయటమే చాలదు; కనుగొనటమూ నేర్వాలి. కనుక కళాశాల పాలకవర్గం ప్రయోగశాలను పరీక్షలకే పరిమితం చేయక, విద్యార్థుల స్వంత ప్రయోగాలకు తెరవాలని నా మనవి.